పుస్తకానికి కాలు తగిలిన పరీక్ష

2004 ఫిబ్రవరిలో, నలభై ఆరేళ్ల వయసులో, ఆక్లండ్‌లో పోడియాట్రీ కోర్సు మొదటి సంవత్సరం విద్యార్థినిగా చేరాను. పోడియాట్రీ అంటే పాదాల వైద్యం. ఆనెలు, గోళ్లు, మడమ నొప్పులు, నడకలో తేడాలు, షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకు పడే పుండ్లు, ఇవన్నీ దాని కిందికి వస్తాయి. చదువు మూడేళ్లు. పాసై రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటేనే పోడియాట్రిస్ట్ అని తలుపు మీద పేరు రాసుకోవడానికి వీలుంటుంది. ఆ పేరుతో టౌరంగాలో పదహారేళ్లు పనిచేసి ఇంట్లో కూర్చున్నాను. ఈ పని గురించి విన్న మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే ప్రశ్న: "కాళ్లకు కూడా వేరే డాక్టరా?" ఉన్నాడు. ఎందుకుండాలో నాకు బాగా తెలిసివచ్చింది మూడో సంవత్సరం చివర, రెండోసారి రాసిన పరీక్షలో. ఆ సంగతే చెబుతాను.

నా చదువు సంగతి ముందు చెప్పాలి. మాది ఒంగోలు దగ్గర. పదో తరగతి అయ్యాక పెళ్లి చేశారు, పుస్తకాలతో పని అక్కడితో సరి. కానీ ఒకసారి విన్నది, చూసింది నాకు పోదు. మా చిన్నాన్న పెళ్లిలో ఏ బంతిలో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో ఇప్పుడడిగినా చెబుతాను. చదువు తక్కువైనా ఈ ఒక్క ఆస్తి నాకు చాలా దూరం పనికొచ్చింది.

మేము న్యూజిలాండ్ వచ్చింది 2001లో, పామర్‌స్టన్ నార్త్‌కి. మా ఆయన సాంబశివరావు పాల ఫ్యాక్టరీలో చల్లదనం యంత్రాల మెకానిక్. మా అబ్బాయి అప్పటికే వెల్లింగ్టన్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఊరు అరచేయిలా చదునుగా ఉంటుంది, ఎక్కడికైనా సైకిల్ మీద పోవచ్చు. నేను నలభై మూడేళ్లకు సైకిల్ నేర్చుకుని, ముసలివాళ్ల హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరాను. అంటే స్నానం చేయించడం, బట్టలు తొడగడం, కుర్చీలో కూర్చోబెట్టడం. పైన నర్సులు, నర్సుల పైన మేనేజర్. మా కింద ఎవరూ లేరు.

ఆ హోమ్‌లో జోన్ అనే ఎనభై దాటిన ఆవిడ ఉండేది. వయసులో ఉన్నప్పుడు స్కూలు బస్సు నడిపిందట. నోరు పెద్దది, తిండి ఇష్టం. అట్లాంటి మనిషి ఉన్నట్టుండి భోజనాల గదికి రావడం మానేసింది. పళ్లెం గదికే తీసుకెళ్తే సగం వదిలేసేది. మనసు కుంగింది, డాక్టర్‌ని పిలిచి మందు రాయించాలని నర్సులు అనుకుంటున్నారు. ఇంతలో వంతు ప్రకారం హోమ్‌కి వచ్చే పోడియాట్రిస్ట్ హెలెన్ వచ్చింది. ట్రే పట్టుకోవడానికి నన్ను పిలిచారు. హెలెన్ జోన్ మేజోడు తీసి, చిటికెన వేలి పక్కన బఠాణీ గింజంత ఆనె చూసింది. దాని మీద చిన్న కత్తి ఆడించి గట్టిపడ్డ చర్మాన్ని పొరలు పొరలుగా తీసేసింది. రక్తం చుక్క రాలేదు. జోన్ లేచి నిలబడి, ఒక అడుగు వేసి, ఇంకో అడుగు వేసి, "మధ్యాహ్నం పుడ్డింగ్ ఏమిటి?" అని అడిగింది. ఆ పూట భోజనాల గదికి తనే నడిచి వెళ్లి రెండుసార్లు వడ్డించుకుంది.

నాకు ఆ రాత్రంతా అదే ఆలోచన. ఆవిడకు మనసు బాగాలేదని పదిమందిమీ అనుకున్నాం. బాగా లేనిది చిటికెన వేలు.

తర్వాత వచ్చినప్పుడు హెలెన్‌ని అడిగాను, ఇది ఎక్కడ నేర్పుతారని. ఆవిడ నవ్వలేదు. దేశం మొత్తానికి ఆ చదువు ఆక్లండ్‌లో ఒక్కచోటే ఉందని, ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు పాత మార్కులు లేకపోయినా ఇంకో దారి ఉందని, ముందు ఒక ఏడాది ఫౌండేషన్ కోర్సు చదివి సైన్సులో నిలబడగలనని చూపించాలని చెప్పింది. ఆఖరున నా చేతులు చాపమంది. వేళ్లు వణకడం లేదని చూసి, "మిగతాది నేర్చుకోవచ్చు" అంది.

ఇంట్లో అంత తేలిగ్గా తెగలేదు. మా ఆయన వాదన సబబైనదే.

"ఏంది రాజ్యం, నర్సింగ్ మన ఊళ్లోనే ఉంది. సైకిల్ మీద పోయి సాయంత్రానికి ఇంటికొస్తావు. దాన్ని వదిలి ఆక్లండ్ పోయి మూడేళ్లు కాళ్ల చదువేంది?"

"నర్సుకి పది పనులండీ. నాకు ఒక్క పని కావాలి. పూర్తిగా రావాలి."

"ఆస్ట్రేలియాలో కూడా ఉందంటగా, అక్కడికీ పోతావా?"

"అక్కడికి పోతే మీరు పెసరట్టు ఎలా పోసుకోవాలో ఫోన్లో చెప్పడానికి ఛార్జీలు ఎక్కువవుతాయి. ఆక్లండ్ చాలు."

ఆయన నవ్వాడు. నవ్వాడంటే సగం ఒప్పుకున్నట్టే. ఆ ఏడాది ఉగాదికి తెలుగువాళ్లం పదిళ్లవాళ్లం ఒకచోట చేరాం. విజయ అని, నాకు వరసకు ఏమీ కాకపోయినా వదిన అయిన మనిషి, పులిహోర వడ్డిస్తూ అందరూ వినేట్టు అంది: "ఇంతదూరం వచ్చింది ఊళ్లోవాళ్ల కాళ్లు పట్టుకోవడానికా రాజ్యం?"

"అవును వదినా. పట్టుకుంటే ఇక్కడ జీతం ఇస్తారట. మన ఊళ్లో ఊరికే పట్టుకున్నాం గదా ఇన్నాళ్లూ."

అందరూ నవ్వారు, విజయ కూడా. ఇంటికెళ్లేటప్పుడు తన మడమ చూడమని చెప్పు విప్పి చూపించింది. అప్పటికి నాకు ఒక్క ఎముక పేరు కూడా తెలియదు.

ఫౌండేషన్ ఏడాది ఇంటి నుంచే గట్టెక్కాను. ఎముకల పేర్లు ఆక్లండ్‌లో మొదటి సంవత్సరం వచ్చాయి. ఒక్కో పాదంలో ఇరవై ఆరు. క్లాసులో నా పక్కన కూర్చున్నది మా అబ్బాయి కంటే చిన్నపిల్లలు. వాళ్లకు ఇంగ్లీషు వచ్చు, నాకు చుట్టాలు ఎక్కువ. అందుకని ఆ ఎముకలకు మా చుట్టాలను కూర్చోబెట్టాను. మడమ ఎముక మా పెదనాన్న, ఇంటి బరువంతా ఆయన మీదే. దాని పైన చీలమండ ఎముక మా పెద్దమ్మ, ఆయన మీద కూర్చుని అన్ని వైపులా తిరుగుతుంది. పడవ ఆకారంలో ఉండేది రేవు దగ్గర కాపురమున్న మా మేనత్త. పక్కపక్కన ఇరుక్కుని ఉండే మూడు చీలల్లాంటి ఎముకలు మా ముగ్గురు తోడికోడళ్లం. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో గుర్తుపెట్టుకోవడం నాకు కొత్త కాదు గదా. ఎముకల పరీక్షలో క్లాసు మొత్తానికి రెండో స్థానం నాది. ఇంగ్లీషులో స్పెల్లింగులు తప్పి ఒకటో స్థానం పోయింది.

రెండో సంవత్సరం నుంచి క్లినిక్. కాలేజీకి సొంత క్లినిక్ ఉంటుంది, ఊళ్లో జనం వచ్చి విద్యార్థుల చేత చూపించుకుంటారు. ప్రతి విద్యార్థి వెనకా ఒక రిజిస్టర్డ్ పోడియాట్రిస్ట్ నిలబడి ఉంటారు. ముందు సబ్బు బిళ్లల మీద కత్తి పట్టడం నేర్పారు, కాగితమంత పలుచగా పొర రావాలి. దోసకాయ చెక్కు తీసిన చెయ్యి నాది, అది కష్టం కాలేదు. కష్టమైనది ఇంకొకటి, అది నాకు తెలియనే తెలియదు.

మూడో సంవత్సరం చివర ఉండేది క్లినికల్ పరీక్ష. ముక్కూ మొహం తెలియని కొత్త పేషెంట్‌ని ఇస్తారు. గంటలో ఆ మనిషి చరిత్ర అడిగి, పాదాల్లో రక్తం ఆడుతోందా, స్పర్శ ఉందా, చర్మం ఎలా ఉంది, వేసుకునే చెప్పులు ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూసి, చేయగలిగిన వైద్యం చేసి, తర్వాత ఏం చేయాలో చెప్పాలి. మార్కులు ఎన్ని వచ్చినా ఒక మెలిక ఉంది. శుభ్రత విషయంలో ఒక్క పెద్ద తప్పు జరిగితే మిగతాది లెక్కలోకి రాదు, ఫెయిల్. మళ్లీ రాయడానికి ఒక్కసారే అవకాశం. అప్పుడూ పోతే మూడో సంవత్సరం మొత్తం మళ్లీ చదవాలి.

2006 అక్టోబరులో పరీక్ష. ఎగ్జామినర్ గ్రాంట్ అనే సీనియర్ లెక్చరర్. పొడుగాటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, అందుకే అందరికీ భయం. నాకిచ్చిన పేషెంట్ ఒక పెద్దావిడ, లైబ్రరీ నుంచి నేరుగా వచ్చింది, ఒళ్లో పుస్తకం. అన్నీ బాగా నడిచాయి. చేతులు కడిగి, గ్లవ్స్ తొడిగి, స్టెరిలైజ్ చేసిన పనిముట్లు శుభ్రమైన గుడ్డ మీద పరిచి, గోళ్ల పని మొదలుపెట్టబోతున్నాను. ఆవిడ కదిలేసరికి ఒళ్లో పుస్తకం జారి కింద పడింది. నేను కుర్చీ జరుపుకోవడంలో నా కాలు దానికి తగిలింది. ఆవిడే వంగి పుస్తకం తీసుకుంది, నేను పని పూర్తి చేశాను. పాసయ్యాననే అనుకుని బయటికి వచ్చాను.

గ్రాంట్ పిలిచి ఫెయిల్ అన్నాడు. ఎందుకని అడిగితే, నేల మీది పుస్తకాన్ని గ్లవ్స్‌తో ముట్టుకుని, ఆ వేళ్లను నా రెండు కళ్లకూ ఆనించుకుని, అదే గ్లవ్స్‌తో పేషెంట్ బొటనవేలు పట్టుకున్నావు అన్నాడు. నేను అలా చేయలేదన్నాను. చేశావు, ఎందుకు చేశావో నాకు అర్థం కాలేదు గానీ చేశావు అన్నాడు.

అప్పుడు తట్టింది. పుస్తకానికి కాలు తగిలితే తాకి కళ్లకద్దుకోవడం నాకు నడక వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. ఊపిరి తీసుకున్నట్టు చేస్తాం, చేశామని తెలియదు. మూడేళ్ల చదువు నా బుర్రలో ఉంది, ఇది నా చేతిలో ఉంది. గ్రాంట్‌కి ఆచారం వివరించాను. శ్రద్ధగా విన్నాడు, మంచి అలవాటు అన్నాడు. ఫలితం మాత్రం మారదన్నాడు. మారకూడదు కూడా. ఆ వేళ్ల మీదున్న నేల మురికి ఆ పెద్దావిడ కాలికి వెళ్లింది.

రెండో పరీక్ష నవంబరులో. మా ఆయన అప్పటికే టౌరంగాలో పని మాట్లాడుకున్నాడు, నేను పాసవగానే ఇద్దరం అక్కడ సెటిల్ అవ్వాలని. మూడేళ్లు విడివిడిగా ఉన్నాం. నాలుగో ఏడాది మా ఇద్దరి వల్లా కాదని తేల్చుకున్నాం. ఈసారి తప్పితే కాళ్ల చదువుకు దండం పెట్టి మళ్లీ కేర్‌గివర్‌గా చేరడమే.

చేతికి పట్టిన అలవాటు మాన్పించాలంటే చేతికే పని చెప్పాలి. మా ఆయన సెలవు పెట్టి ఆక్లండ్ డ్రైవ్ చేసుకుని వచ్చాడు. నేనుండే ఫ్లాట్ హాల్లో కుర్చీ వేసుకుని గ్లవ్స్ తొడుక్కున్నాను. నా కాళ్ల దగ్గర పుస్తకం పెట్టమన్నాను.

"నేను పెట్టను."

"ఎందుకు పెట్టరు?"

"కావాలని పుస్తకాన్ని తన్నిస్తానా? సరస్వతి."

"మరి నేనెట్లా మానేది?"

ఆయన చాలాసేపు వెతికి టెలిఫోన్ డైరెక్టరీ తెచ్చాడు. అందులో ప్లంబర్ల నంబర్లే గదా, సరస్వతి ఉండదులే అని సమాధానం చెప్పుకున్నాడు. నేను కాలితో తోశాను. నా చెయ్యి కిందికి దిగింది. "చెయ్యి!" అని అరిచాడు. మళ్లీ తోశాను. మళ్లీ దిగింది. మళ్లీ అరిచాడు. చివరికి తోయగానే రెండు చేతులూ గుండె దగ్గరికి తెచ్చి వేళ్లు పెనవేసుకోవడం అలవాటు చేసుకున్నాను. పని లేనప్పుడు సర్జన్లు చేతులు అలాగే పెట్టుకుంటారు. ఒకసారి తలెత్తి చూస్తే, నేను డైరెక్టరీని తన్నిన ప్రతిసారీ ఆయన వంగి దాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుంటున్నాడు.

"మీరేం చేస్తున్నారండీ?"

"నీ బదులు. ఎవరో ఒకరు చెయ్యాలి గదా."

ఆ రెండు రోజులూ నేను తన్నడం, ఆయన మొక్కడం. ఫ్లాట్‌లో నాతో ఉండే కివీ అమ్మాయి, అంటే ఈ దేశపు పిల్ల, వంటింట్లోకి పోతూ వస్తూ మమ్మల్నే చూసింది.

నవంబరులో పరీక్ష రోజు మళ్లీ గ్రాంటే వచ్చాడు. తలుపు తీసుకుని పేషెంట్ లోపలికి వచ్చాడు. ముప్పై ఆరేళ్ల మనిషి, మేజోళ్లతో. నా పేరు చీటీ చూసి ఆగిపోయాడు.

"తెలుగోళ్లా అక్కా?"

పేరు యాదగిరి. నల్గొండ వైపు. ఆక్లండ్‌లో ఒక హోటల్లో వంటమాస్టర్. పన్నెండేళ్లుగా షుగర్. డాక్టర్ పాదాలు చూపించుకోమని ఎప్పటి నుంచో పోరుతుంటే ఈ రోజుకు వచ్చాడు. పేషెంట్‌కి ఏ భాష సులువో అందులో మాట్లాడు, ఏం చేస్తున్నావో నాకు మాత్రం ఇంగ్లీషులో చెబుతుండు అన్నాడు గ్రాంట్. తెలుగు మనిషి దొరికాడు, నా పని సులువైందనుకున్నాను. మేజోళ్లు విప్పమనగానే అతను కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"వద్దక్కా. మీరు పెద్దోళ్లు. నా కాళ్లు మీరు ముట్టుడేంది? పాపం తగుల్తది."

"నువ్వు వచ్చింది కాళ్లు చూపించుకోడానికే గదయ్యా."

"గా పొడుగు సారు చూస్తడనుకున్న. ఆయన చూస్తే ఏం కాదు."

గ్రాంట్ గడియారం వైపు చూశాడు. ఇక నాకు తోచిన మాట అన్నాను: "చూడు యాదగిరీ, ఇది నాకు పరీక్ష. నువ్వు కాళ్లివ్వకపోతే నేను తప్పుతాను. నేను తప్పితే మూడేళ్ల చదువు మట్టిలో కలిసిపోతుంది. ఆ పాపం ఇంకా పెద్దది."

అతను ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, ముందే చెప్పొద్దా అక్కా? పట్టుండ్రి. మిమ్మల్ని పాస్ చేపిస్తా." అని రెండు కాళ్లూ చాపాడు. చాపడంలో ఎడమ కాలు నా భుజానికి తగిలింది. వెంటనే ముందుకు వంగి, నా భుజం ముట్టుకుని, నా చేతులు కూడా ముట్టుకుని, కళ్లకద్దుకున్నాడు. నా చేతులు గుండె దగ్గర పెనవేసుకుని ఉన్నాయి, అక్కడి నుంచి కదలలేదు. అతను ముట్టుకున్న గ్లవ్స్ తీసి చెత్తలో వేసి, చేతులు కడిగి, కొత్తవి తొడుక్కున్నాను. గ్రాంట్ కాగితం మీద ఏదో చిన్న గీత గీశాడు.

రక్తం చూడడం అయింది, నాడి రెండు చోట్లా అందింది. తర్వాత స్పర్శ. దానికి ఒక పిడికి బిగించిన నైలాన్ దారం ఉంటుంది. చర్మం మీద నిలువుగా ఆనించి నొక్కితే, ఒక లెక్క ప్రకారం బరువు పడగానే దారం వంగుతుంది. ఆ మాత్రం ఒత్తిడి తెలియలేదంటే ఆ చోట కాపలా లేనట్టే. మేకు గుచ్చుకున్నా, నిప్పు పడినా మనిషికి తెలియదు. ముందు ముంజేతి మీద ఆనించి ఎలా ఉంటుందో చూపించి, కళ్లు మూసుకోమని, పాదం మీద ఒక్కో చోటా ఆనిస్తూ పోవాలి.

యాదగిరి కళ్లు మూసుకున్నాడు. ఎడమ పాదంతో మొదలుపెట్టాను. బొటనవేలి కింద ఆనించాను.

"ఆఁ. తెలుస్తుంది."

వేలి మొదట్లో. "ఆఁ, తెలుస్తుందక్కా." పాదం అంచున. "ఆఁ, మంచిగ తెలుస్తుంది."

అన్నీ సరిగ్గా ఉన్నాయి. దారం పైకెత్తి, చూసినవి చార్టులో గుర్తు పెట్టుకోవడానికి పక్కకు తిరిగాను.

"ఆఁ," అన్నాడు యాదగిరి.

నా చెయ్యి చార్టు మీద ఉంది. దారం ట్రేలో ఉంది. నేను కదలకుండా, "ఇప్పుడు?" అన్నాను.

"బాగ తెలుస్తుందక్కా. ఫస్ట్ క్లాస్."

అప్పుడర్థమైంది. పరీక్ష అని చెప్పింది నేనే. పాస్ చేయిస్తానని మాటిచ్చాడు, ఆ మాట నిలబెట్టుకుంటున్నాడు. పెద్దవాళ్లు అడిగినప్పుడు లేదనకుండా ఉండడం మన మర్యాద. మనింట్లో కూర ఎలా ఉందంటే ఎవరైనా ఉప్పు తక్కువైందంటారా? గ్రాంట్‌కి ఇంగ్లీషులో చెప్పాను, ఇప్పటిదాకా వచ్చిన సమాధానాలు లెక్కలోకి తీసుకోలేను, ఎడమ పాదం మొదటి నుంచి మళ్లీ చేస్తానని. టైమ్ గడుస్తోంది అన్నాడు. తెలుసన్నాను.

"యాదగిరీ, కళ్లు తెరువు. నువ్వు తెలుస్తోందన్నప్పుడు నా చెయ్యి ఎక్కడుందో చూడు."

చూశాడు. మొహం చిన్నబోయింది. "మీ పరీక్ష పాడైతదని..."

"తెలుస్తోందని అబద్ధం చెబితేనే పాడవుతుంది. తెలియకపోతే ఊరుకో. నువ్వు ఒక్కసారి కూడా మాట్లాడకపోయినా నేను పాసే. సరేనా?"

"ఒట్టు?"

"ఒట్టు."

చార్టు ముట్టిన గ్లవ్స్ నేను మార్చుకునేసరికి అతను మళ్లీ కళ్లు మూసుకున్నాడు. బొటనవేలి కింద ఆనించాను. మాట లేదు. వేలి మొదట్లో. లేదు. పాదం మధ్యలో, అంచున, మడమ దగ్గర. ప్రతిచోటా దారం వంగేదాకా నొక్కి, ఒక క్షణం ఆగి, ఎత్తాను. గ్రాంట్ కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. ఎడమ పాదం మొత్తం పూర్తయింది. దారం ట్రేలో పెట్టాను.

యాదగిరి కళ్లు మూసుకునే అడిగాడు: "అక్కా, ఇంక షురూ చెయ్యలేదా?"

ఆ మాట నేను గ్రాంట్‌కి అనువదించాను. ఆయన తల ఊపి, కొనసాగించమని చేత్తో సైగ చేశాడు.

కుడి పాదమూ అదే పద్ధతిలో పరీక్షించాక చర్మం చూశాను. ఎడమ బొటనవేలి మొదట్లో, పాదం కింద, గట్టిపడ్డ తోలు మధ్య సిరా చుక్కంత నల్లటి మచ్చ ఉంది. అటువంటి మచ్చ కింద రక్తమో చీమో ఉంటుంది. పైన ఎంత ఉంటే లోపల దానికి చాలా రెట్లు ఉండొచ్చు. ఇక చెప్పులు చూడాలి. గదిలో చెప్పులు లేవు. మేజోళ్లతో లోపలికి వచ్చిన మనిషిని చూసి కూడా నాకు వింతగా అనిపించలేదు. చెప్పులు గుమ్మం బయట విడవడం మనకు మామూలే గదా. అడిగితే, "ఆస్పత్రి లోపలికి చెప్పులేసుకొని ఎట్లొస్తనక్కా?" అన్నాడు.

నేనే బయటికి వెళ్లి తెచ్చాను. వంటింట్లో వేసుకునే నల్ల బూట్లు. ఎడమ బూటులోకి జాగ్రత్తగా చెయ్యి పెట్టి తడిమాను. సరిగ్గా ఆ మచ్చ దగ్గర వేలికి గరుగ్గా తగిలింది. లోపలి అట్ట ఎత్తి చూస్తే అడుగు నుంచి పైకి పొడుచుకు వచ్చిన చిన్న స్క్రూ మొన. దాని మీద నిలబడి ఈ మనిషి ఎన్ని పూటలు బిర్యానీలు దించాడో తెలియదు. బూటు యాదగిరికి చూపించాను. అతను ఆ మొనను తన వేలితో ముట్టుకుని, "అబ్బా" అని చెయ్యి లాక్కున్నాడు. చేతికి నొప్పి తెలిసింది.

బూటు పట్టిన గ్లవ్స్ తీసేసి, చేతులు కడిగి, మళ్లీ కొత్తవి తొడుక్కున్నాను. స్కాల్‌పెల్ నా ముందే ఉంది. తోలు తీయడంలో క్లాసులో నా చెయ్యి మంచిదని పేరు, మార్కులు వచ్చేదీ అక్కడే. కానీ స్పర్శ లేని కాలి మీద నల్ల మచ్చ కనిపిస్తే విద్యార్థి సొంతంగా కత్తి పెట్టకూడదు. ఆగాలి, పైవాళ్లకు చెప్పాలి. చేతులు గుండె దగ్గర పెట్టుకుని, చూసినది చూసినట్టు గ్రాంట్‌కి చెప్పి, ఇక్కడితో నా హద్దు అయిపోయింది, మీరు చూడాలన్నాను. ఆయన లేచి, పాదం చూసి, గ్లవ్స్ తొడుక్కుని నా పక్కన నిలబడ్డాడు. కత్తి నువ్వే పట్టు, నేనుంటాను అన్నాడు.

పొర తర్వాత పొర తీశాను. నాలుగైదు పొరలకు మచ్చ విచ్చుకుని లోపలి నుంచి చీము వచ్చింది. యాదగిరికి నొప్పి లేదు, అదే మాకు భయం. గ్రాంట్ లోపలికి సన్నటి ఉక్కు పుల్ల పెట్టి లోతు చూశాడు. ఎముక దాకా పోలేదు.

"కాలు తీస్తరా అక్కా? మా నాయినకు గిట్లనే పుండై మోకాలి కాడికి తీసేసిండ్రు."

ఇంగ్లీషులోకి మార్చి గ్రాంట్‌ని అడిగాను, ఆయన చెప్పింది తెలుగులో చెప్పాను. ఎముకకు సోకలేదు, ఈ రోజే ఆస్పత్రికి వెళ్లి మందులు మొదలుపెట్టి, పాదం మీద బరువు వేయకుండా ఉంటే కాలు నిలబెట్టుకునే అవకాశం బాగా ఉంది. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే ఆ మాట చెప్పలేకపోయేవాళ్లం. కట్టు కట్టి, బరువు పడని చెప్పు ఇచ్చి, అప్పటికప్పుడు ఆస్పత్రికి ఫోన్ చేసి టాక్సీ ఎక్కించాం. ఎక్కేటప్పుడు కూడా అతని ధ్యాస ఒకటే. గ్రాంట్ వైపు వేలు చూపించి, "సార్, అక్క పాస్?" అని ఇంగ్లీషులో అడిగాడు.

గ్రాంట్ అతనికే ముందు చెప్పాడు, పాస్ అని. తర్వాత నాతో, పుస్తకాల్లో ఉన్నదంతా చేశావు, అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ముట్టుకోకుండా చేశావు అన్నాడు. కరచాలనం చేశాడు. అప్పటికి ఇద్దరం గ్లవ్స్ తీసేశాం.

కారిడార్లోంచే, ఫ్లాట్‌లో ఎదురుచూస్తున్న మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏమైంది?"

"ఇంక ఆ డైరెక్టరీ తీసేయొచ్చు."

"తీసేయడమెందుకే. కళ్లకద్దుకుని బీరువాలో పెడతా. డాక్టర్‌ని చేసిన పుస్తకం."

ఇప్పటికీ మా టౌరంగా ఇంట్లో ఉంది. ప్లంబర్ల నంబర్లన్నీ మారిపోయాయి.

2007లో టౌరంగాలో పని మొదలుపెట్టాను. ఓడరేవు కూలీల మడమలు, కివీపళ్ల తోటల్లో రోజంతా నిచ్చెనలెక్కేవాళ్ల పాదాలు, హోమ్‌లలో జోన్ లాంటివాళ్ల చిటికెన వేళ్లు, అన్నీ చూశాను. కొన్నేళ్లకు సొంతంగా క్లినిక్ తెరిచాను. తెరిచిన రోజు ఆక్లండ్ నుంచి యాదగిరి వచ్చాడు. ఇప్పుడతనికి ఆ ఊరి శివారు హాబ్సన్‌విల్‌లో ఇల్లు, సొంత కేటరింగ్. రెండు కాళ్లతో నడుచుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వాటిని రెండు చేతులతో పట్టుకుని లోపలికి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"చెయ్యి పెట్టి చూడక్కా. పొద్దుగాల నేను చూసిన, అయినా నువ్వు చూడు."

చూశాను. ఏమీ లేదు.

ఆ పరీక్ష నాకు నేర్పిన పద్ధతులు రెండే, పదహారేళ్లూ వాటిని వదల్లేదు. చెప్పులు గుమ్మం బయట విడిచిన పేషెంట్ ఎవరైనా, వాటిని లోపలికి తెప్పించి చెయ్యి పెట్టి చూశాకే చూడడం పూర్తయినట్టు. రెండోది, మా క్లినిక్‌కి నేర్చుకోడానికి వచ్చిన ప్రతి విద్యార్థికీ దారం చేతికిచ్చేటప్పుడు చెప్పేదాన్ని: మధ్యలో ఒకసారి ముట్టుకోకుండా "ఇప్పుడు?" అని అడుగు. అప్పుడు కూడా తెలుస్తోందంటే, ఆ మనిషి నీకు మర్యాద చేస్తున్నాడు, నీకింకా పాదం అందలేదు. మళ్లీ మొదటి నుంచి చెయ్యి.